సంక్రాంతికి చూసిన టర్కీ కోళ్ళ గుంపు ఉగాదికి అక్కడ ఉండదు: స్ప్రింగ్ వేట సీజన్‌కి ముందు స్కౌటింగ్ ఎలా చెయ్యాలి

నేను అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో ఉంటాను, కొలంబియా అనే ఊరికి ఓ గంట దూరం. ప్రతి ఏడాది ఫిబ్రవరి వచ్చిందంటే మనవాళ్ళలో కొత్తగా హంటింగ్ మొదలుపెట్టిన ఒకరిద్దరు నాకు ఫోటో పంపుతారు, మొక్కజొన్న కోసేసిన పొలంలో యాభై అరవై అడవి టర్కీ కోళ్ళు నల్లగా పరుచుకుని మేస్తూ ఉంటాయి, కింద మెసేజ్ "స్పాట్ దొరికింది అన్నా, ఏప్రిల్‌లో ఇక్కడే కూర్చుంటా" అని. నేను వెంటనే ఫోన్ చేసి వద్దని చెప్తాను, ఎందుకంటే నా మొదటి సీజన్ అంతా సరిగ్గా అలాంటి పొలం పక్కనే పోయింది. చలికాలమంతా ప్రతి శనివారం వెళ్ళి చూసేవాణ్ణి, ప్రతిసారీ ఉన్నాయి, ఓపెనింగ్ రోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచి వెళ్ళి కూర్చుంటే పదకొండింటి వరకు ఒక్క కూత లేదు, ఒక్క పక్షి లేదు. ఆ పొలంలో ఈకలు, రెట్టలు అన్నీ పాతవి. పక్షులు రెండు మైళ్ళ అవతల వాగు దాటి ఇంకో కొండ మీదకి ఎప్పుడో మారిపోయాయి, నాకు తెలిసేసరికి సీజన్ సగం అయిపోయింది.

ఆ రెండు మైళ్ళ సంగతి ముందే ఎలా పట్టుకోవాలో రాస్తున్నా, స్కౌటింగ్ అంటే అదే.

ముందు అవి ఎందుకు కదుల్తాయో తెలియాలి, అది తెలిస్తే మిగతాది సగం దానంతట అదే అర్థమవుతుంది. చలికాలంలో టర్కీలకి కావాల్సింది రెండే, తిండి, రాత్రి చెట్టెక్కి పడుకోడానికి మంచి పెద్ద చెట్లు. తిండి అంటే ఓక్ చెట్ల కింద రాలిన కాయలు, పొలాల్లో మిగిలిన మొక్కజొన్న, సోయా గింజలు. ఇవి దొరికే చోట్లు చలికాలంలో తక్కువ కాబట్టి చుట్టుపక్కల నుంచి అన్నీ అక్కడికి చేరతాయి. చేరినా ఆడా మగా కలిసి ఉండవు, పెట్టలూ పోయినేడు పుట్టిన పిల్లలూ ఒక గుంపు, ముదురు పుంజులు నాలుగైదు కలిసి వేరే గుంపు, ఏడాది వయసు పుంజులు, వాటిని ఇక్కడ జేక్స్ అంటారు, వాటి బ్యాచ్ వేరే. ఒకే పొలంలో మేస్తున్నా జాగ్రత్తగా బైనాక్యులర్స్‌లో చూస్తే మధ్యలో గ్యాప్ కనపడుతుంది.

ఫిబ్రవరి చివరకి పగలు పొడుగవుతుంది. వీటిని కదిలించేది ముఖ్యంగా ఆ వెలుతురే, వేడి ఒక్కటే కాదు. పగటి పొడుగుని బట్టి పుంజుల ఒంట్లో హార్మోన్ పెరుగుతుంది, కూతలు మొదలవుతాయి, ఎవరు పెద్ద అని కొట్లాటలు మొదలవుతాయి. వెచ్చటి రోజు వస్తే కూతలు ఎక్కువవుతాయి, మళ్ళీ మంచు పడితే నాలుగు రోజులు మూగగా ఉంటాయి, విడిపోయినవి కూడా ఒక్కోసారి మళ్ళీ గుంపుగా పొలంలోకి వస్తాయి. అది చూసి "ఇంకా విడిపోలేదు" అనుకోకండి, వాతావరణం బాగైన మర్నాడే వెళ్ళిపోతాయి.

ఇక అసలు విషయం. గుంపుని విడగొట్టేది పుంజు కాదు, పెట్ట. పెట్ట నేల మీద గుడ్లు పెడుతుంది, పది పన్నెండు గుడ్లు, పొదగడానికి దాదాపు 28 రోజులు. ఆ నెల రోజులు నక్కకి, రకూన్‌కి, పాముకి కనపడకుండా ఉండే చోటు కావాలి దానికి. కోసేసిన మొక్కజొన్న పొలంలో అలాంటి చోటు ఉండదు కదా. అందుకని పెట్టలు ఒకటి రెండు చొప్పున గుంపులోంచి జారుకుని ముళ్ళపొదలు, పడిపోయిన చెట్ల కొమ్మలు, మోకాలెత్తు గడ్డి, అడవికీ పచ్చికకీ మధ్య ఉండే అంచులు, అలాంటి చోట్లకి వెళ్తాయి. కొన్ని మైలు లోపే ఆగుతాయి, కొన్ని చాలా మైళ్ళు పోతాయి, ముఖ్యంగా మొదటిసారి గుడ్లు పెట్టబోయే కుర్ర పెట్టలు దూరం పోతాయి. పుంజులు వాటి వెనక పోతాయి. పెట్ట ఎక్కడికి పోతే పుంజు అక్కడికి, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు, మ్యాప్ మీద మీరు వెతకాల్సింది పుంజు ఉండే చోటు కాదు, పెట్టకి నచ్చే చోటు.

మిస్సోరీ మధ్య భాగంలో నాకు తెలిసి ఇది ఉగాదికి ఇటూ అటూగా జరుగుతుంది, మార్చి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారం లోపు. అందుకే నేను సంక్రాంతి గుంపు, ఉగాది గుంపు అని రెండుగా చూస్తాను. సీజన్ ఈ మధ్య ఏళ్ళలో ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు ఉంటుంది, దానికి ముందు పిల్లలకి ఒక వీకెండ్ ఇస్తారు. టెక్సాస్‌లో రియో గ్రాండే రకం, ఫ్లోరిడాలో ఒసియోలా రకం, అక్కడ తేదీలు ఇంకా ముందు. మీ రాష్ట్రం తేదీలు, టైమింగ్స్, ఎన్ని పక్షులు అనేది ఆ ఏడాది రూల్ బుక్‌లోనే చూస్కోండి, ఏటా మారతాయి.

నేను ఎలా చేస్తానో వారాల వారీగా చెప్తాను.

ఫిబ్రవరిలో చలికాలం గుంపు ఎక్కడుందో కార్లోంచే చూస్తాను, దిగను. ఆ గుంపు దొరకడం పనికిరాదని కాదు నేననేది, అది మొదటి చుక్క, అక్కడి నుంచి రెండు మూడు మైళ్ళ గీత గీసుకుని ఆ వలయంలో ఏముందో చూడాలి. శాటిలైట్ మ్యాప్ తెరిచి, ఆన్‌ఎక్స్ గానీ ఇంకేదైనా యాప్ గానీ, చెట్లు లేని పచ్చిక ఎక్కడ అడవిని తాకుతుందో, వాగు వెంబడి పెద్ద చెట్లు ఎక్కడున్నాయో, పాత కలప బండ్ల దారులు కొండ అంచు మీద ఎక్కడ పోతున్నాయో మార్క్ చేస్తాను. ఇంకొకటి, కాల్చిన అడవి. మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్ లాంటి చోట్ల చలికాలం చివర్లో కావాలనే నిప్పు పెట్టి కింద ఆకులు, పొదలు కాలుస్తారు, మూడు నాలుగు వారాల్లో ఆ నల్లటి నేల మీద లేత పచ్చ మొలుస్తుంది, పురుగులు వస్తాయి, దూరం కనపడుతుంది. టర్కీలకి అది ఎంత ఇష్టమో చెప్పలేను. కాల్చిన చోటుకి ఆనుకునే కాల్చని పొద ఉంటే ఆ అంచుని రెండుసార్లు మార్క్ చేస్కోండి.

ప్రైవేట్ పొలం అయితే రైతుని అడగాల్సింది కూడా ఫిబ్రవరిలోనే, ఏప్రిల్‌లో కాదు. పగటిపూట, మామూలు బట్టల్లో, ఒక్కరే లేదా పిల్లల్ని తీసుకుని వెళ్ళండి, కెమో, అంటే అడవిలో కలిసిపోయే మచ్చల వేట బట్టలు, వేసుకుని నలుగురు వెళ్తే ఎవరైనా తలుపు తియ్యడానికి ఆలోచిస్తారు. నాకు పొలం ఇచ్చిన పెద్దాయన మొదటిసారి వద్దన్నారు. సరే సర్ అని, దూడ కంచె దాటి రోడ్డు మీదకి వచ్చిందని మాత్రం చెప్పి వచ్చేశాను. మరుసటేడు ఆయనే గుర్తుపట్టి గేటు కోడ్ చెప్పారు. సంక్రాంతికి అరిసెలు పట్టుకెళ్తాను ఇప్పుడు, ఆయన భార్యకి బాగా ఇష్టం.

మార్చి మొదలైన దగ్గర్నుంచి పని చెవులతో. సూర్యోదయానికి ముప్పావుగంట ముందు ఏదైనా కంకర రోడ్డు మీద ఎత్తైన చోట కారు ఆపి, ఇంజిన్ ఆపి, తలుపు చప్పుడు కాకుండా దిగి నిలబడండి. గాలి లేని చల్లటి ఉదయం ఉండాలి, గాలి ఉంటే నిద్రపోండి. తెల్లగా వెలుగు రావడం మొదలయ్యాక కార్డినల్ పిట్టలు అరుస్తాయి, దాని తర్వాత కొద్దిసేపటికి చెట్టు మీద నుంచే మొదటి గాబుల్, అంటే పుంజు కూత, వస్తుంది. ఒక్కో చోట నాలుగైదు నిమిషాలు విని, అర మైలు ముందుకెళ్ళి మళ్ళీ ఆగి వినండి. విన్న ప్రతి దానికీ మ్యాప్ మీద దిక్కు గీత గీయండి, రెండు చోట్ల నుంచి గీసిన గీతలు ఎక్కడ కలిస్తే చెట్టు అక్కడే. ఇలా నాలుగు ఉదయాలు చేస్తే నెల రోజులు అడవిలో తిరిగినదానికంటే ఎక్కువ తెలుస్తుంది, పైగా ఒక్క పక్షిని కూడా బెదరగొట్టలేదు మీరు.

ఒక జాగ్రత్త ఏంటంటే మార్చిలో చెట్లకి ఆకులు ఉండవు, కూత దూరం నుంచి కూడా స్పష్టంగా వినిపిస్తుంది. ఏప్రిల్ చివరకి ఓక్ ఆకులు వచ్చాక అదే కూత మెత్తగా, దూరంగా ఉన్నట్టు వినిపిస్తుంది గానీ పక్షి దగ్గర్లోనే ఉంటుంది. మార్చి చెవులతో ఏప్రిల్‌లో అంచనా వేసి ఇంకాస్త ముందుకి నడిచి పక్షిని బెదరగొట్టి ఎగరగొట్టినవాళ్ళు చాలామంది, నేను కూడా ఒకసారి.

కూత రాకపోతే? గుడ్లగూబ కూత వెయ్యొచ్చు, కాకి కూత వెయ్యొచ్చు, పుంజు ఉలిక్కిపడి గాబుల్ చేస్తుంది, కారు తలుపు గట్టిగా వేసినా, ఉరుము వచ్చినా చేస్తుంది. కానీ పెట్ట కూత మాత్రం సీజన్ ముందు వెయ్యొద్దు, దయచేసి వెయ్యొద్దు. కొత్తగా కొన్న కాల్, అంటే పెట్ట కూత వెయ్యడానికి ఊదేది, నోట్లో పెట్టుకుంటే ఊదాలనిపిస్తుంది, నాకు తెలుసు, ఇంట్లో ఊదండి. అడవిలో ఊదితే పుంజు వస్తుంది, పెట్ట ఉండదు, మనిషి కనపడతాడు. ఆ పుంజు ఆ తర్వాత కూత వింటే అక్కడికక్కడే నిలబడి గాబుల్ చేస్తుంది తప్ప రాదు. మీ సీజన్ ఒక్కటే కాదు పక్కవాడి సీజన్ కూడా పోతుంది.

మార్చి చివరి నుంచి అడవిలోకి నడుస్తాను, పొద్దున కాదు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య, అప్పుడు అవి రాత్రి పడుకునే చెట్ల దగ్గర ఉండవు. ఇక్కడ కళ్ళు నేల మీద. ఎండుటాకుల్లో గీరిన గుర్తులు మొదట కనపడతాయి, మన ఇంటి కోళ్ళు పెంట మీద గీరినట్టే గానీ పెద్దవి, ఆకులు ఒక వైపుకి కుప్పపడి ఉంటాయి, కుప్ప ఉన్న వైపుకి వ్యతిరేకంగా పక్షి నడిచిందని అర్థం. గీరిన మట్టి తడిగా నల్లగా ఉంటే ఆ రోజుదో ముందు రోజుదో, మట్టి ఆరిపోయి పైన కొత్త ఆకులు పడి ఉంటే పాతది, వదిలెయ్యండి.

రెట్ట చూసి ఆడో మగో చెప్పొచ్చు, ఇది మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు నేను. పుంజు రెట్ట పొడుగ్గా చివర కొక్కెంలా వంగి ఉంటుంది, పెట్ట రెట్ట గుండ్రంగా చుట్ట చుట్టుకుని ముద్దలా ఉంటుంది. అడుగు ముద్ర వెనక నుంచి మధ్య వేలు కొన దాకా నాలుగు అంగుళాలు దాటితే పుంజే అనుకోవచ్చు. రొమ్ము ఈక అంచు నల్లగా కత్తిరించినట్టు ఉంటే పుంజు, అంచు గోధుమ రంగైతే పెట్ట. కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు ఇది: కలప బండ్ల దారిలో మెత్తటి మట్టి ఉన్నచోట అడుగు ముద్రలకి రెండు పక్కలా సన్నటి గీతలు, చీపురు పుల్ల ఈడ్చినట్టు. పుంజు పురి విప్పి రెక్కలు కిందకి దించి నడిచినప్పుడు రెక్క కొసలు నేలని రాసిన గీతలవి. అది కనపడితే ఆగండి, చుట్టూ చూడండి, అది దాని రంగస్థలం. రోజూ పది గంటల ప్రాంతంలో అక్కడికి వస్తుంది, ఎందుకంటే అక్కడ నిలబడితే నాలుగు వైపుల నుంచి పెట్టలకి కనపడుతుంది. నేను రెండేళ్ళ కింద ఏప్రిల్ మొదట్లో అలాంటి దారి పక్కన సీడార్ పొదలో కూర్చుని చూశాను, తుపాకీ లేదు, ఊరికే. ముందు చప్పుడు వచ్చింది, చప్పుడు అనడం కూడా తప్పు, దూరంగా ట్రాన్స్‌ఫార్మర్ మోగినట్టు ఛాతీలో తెలిసింది, చెవికి తర్వాత తెలిసింది. డ్రమ్మింగ్ అంటారు. తర్వాత వంపులోంచి వచ్చింది, తోక పూర్తి విసనకర్రలా, ఎండ పడితే వెన్ను మీద రాగి రంగు, ఆకుపచ్చ, తల మీద ఎరుపు తెలుపు నీలం క్షణానికోసారి మారుతున్నాయి. చిన్నప్పుడు మా ఊరి చెరువు గట్టు మీద నెమలి పురి విప్పితే అందరం ఊపిరి బిగపట్టి చూసేవాళ్ళం, అదే ఊపిరి మళ్ళీ బిగపట్టాను. ఇరవై నిమిషాలు తిరిగి వెళ్ళిపోయింది. దాని తోక మధ్య ఈకలు పక్కవాటితో సమానంగా ఉన్నాయి, అంటే ముదురు పుంజు, జేక్ అయితే మధ్య ఈకలు పక్కవాటికంటే పొడుగ్గా పైకి తేలి ఉంటాయి, గడ్డం, అంటే రొమ్ము మీద వేలాడే కుచ్చు, కూడా నాలుగైదు అంగుళాలకి మించదు.

రూస్ట్ చెట్టు, అంటే అవి రాత్రి పడుకునే చెట్టు, దొరికితే సంతోషమే కానీ దాని కిందకి వెళ్ళకండి. వాగు పక్కన సైకమోర్, కొండ వాలు మీద పెద్ద ఓక్, అడ్డంగా చాచిన లావు కొమ్మలు, కింద నేలంతా రెట్టలు, పెద్ద ఈకలు ఉంటే అదే. రాత్రి పడుకునే చోట రెండుసార్లు బెదరగొడితే చెట్టు మార్చేస్తాయి. మా దగ్గర ఉండే ఈస్టర్న్ రకం ఎలాగూ రోజూ ఒకే చెట్టు ఎక్కదు, మూడు నాలుగు చోట్లు మార్చుకుంటూ ఉంటుంది, రియో గ్రాండే రకం అయితే పెద్ద చెట్లు తక్కువ ఉన్న ప్రాంతం కాబట్టి ఏళ్ళ తరబడి అవే చెట్లకి వస్తుంది. సాయంత్రం చీకటి పడేముందు రెండొందల గజాల దూరంలో కూర్చుని వినండి, ఇరవై పౌండ్ల దాకా ఉండే పక్షి రెక్కలు కొట్టుకుంటూ కొమ్మ ఎక్కే చప్పుడు దుప్పటి దులిపినట్టు ఉంటుంది, మిస్ అవ్వరు.

ఏప్రిల్ రెండో వారం వచ్చేసరికి మీ మ్యాప్ మీద చలికాలం పొలం ఒక మూల ఉండిపోయి, కొత్త చుక్కలు వేరే చోట గుమిగూడాలి. అలా కాకుండా ఇంకా పాత పొలం మీదే చుక్కలు ఉన్నాయంటే ఆ పొలం పక్కనే గూడు పెట్టుకునే పొద ఉందన్నమాట, అది అదృష్టం. ఈ టైంకి రెడ్‌బడ్ చెట్లు గులాబీ రంగులో పూస్తాయి, కొన్ని పెట్టలు గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. గుడ్లు పెట్టే రోజుల్లో పెట్ట పొద్దున పుంజు దగ్గర ఉండి, పొద్దెక్కాక గూటికి పోతుంది, అప్పుడు పుంజు ఒంటరిదై తిరగడం మొదలుపెడుతుంది. అందుకే తెల్లారి కూసి ఏడింటికి మూగబోయిన పుంజుని వదిలేసి వెళ్ళకండి, పదింటికి అదే పుంజు తనే వెతుక్కుంటూ వస్తుంది. పెట్టలు పూర్తిగా పొదగడానికి కూర్చున్నాక కూతలు మళ్ళీ పెరుగుతాయి, సీజన్ రెండో వారం మూడో వారం బాగుండేది అందుకే.

నడిచేటప్పుడు కాలి కింద నుంచి పెట్ట బుర్రుమని లేచిందంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోండి, గుడ్ల ఫోటో కోసం పొద విప్పొద్దు. మొదటి రోజుల్లో కదిలిస్తే గూడు వదిలేసే ప్రమాదం ఉంది. ఈ పక్షి ఇక్కడ ఇన్ని ఉండడం ఊరికే జరగలేదు, 1930ల నాటికి దేశమంతా కలిపి చాలా కొద్దిగా మిగిలాయి, అడవి పక్షుల్ని వల వేసి పట్టి వేరే కౌంటీల్లో వదులుతూ పెంచుకున్నారు, ఆ డబ్బులో పెద్ద భాగం 1937 చట్టం కింద తుపాకులు తూటాల మీద వేసిన పన్ను, హంటింగ్ పర్మిట్ల ఫీజుల నుంచే వచ్చింది. మిస్సోరీలో మళ్ళీ స్ప్రింగ్ సీజన్ తెరిచింది 1960లో, 14 కౌంటీల్లో మాత్రమే.

రూల్స్ విషయంలో మూడు ముక్కలు. గింజలు చల్లి రప్పించి పక్షిని వేటాడటం ఇక్కడ నేరం, గింజలు పూర్తిగా తీసేసిన తర్వాత కూడా పది రోజులు ఆ చోటుని ఎర వేసిన చోటుగానే లెక్కేస్తారు, అందుకని పక్కింటాయన జింకల కోసం వేసిన మొక్కజొన్న ఎక్కడుందో కూడా స్కౌటింగ్‌లోనే చూస్కోండి. మిస్సోరీలో 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కావాలి, క్లాస్ మార్చిలోపే చేసెయ్యండి. మూడోది మనవాళ్ళకి ముఖ్యం: హెచ్ వన్ బీ, ఎఫ్ వన్ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. ఫ్రెండ్ తుపాకీ ఒక నిమిషం పట్టుకున్నా లెక్కే, కాబట్టి ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి తర్వాతే ముట్టుకోండి. స్కౌటింగ్‌కి తుపాకీ అక్కర్లేదు కదా, వీసా ఏదైనా ఈ నెలన్నర హాయిగా తిరగొచ్చు.

పిడుదులు (టిక్స్) మాత్రం మర్చిపోవద్దు. ఏప్రిల్‌లో ఓజార్క్స్ కొండల అడవిలో లోన్ స్టార్ రకం పిడుదులు విపరీతం, అవి కుడితే కొంతమందికి మటన్, బీఫ్ పడకుండా పోయే అలర్జీ వస్తుంది. ప్యాంటు సాక్సుల్లోకి దోపి, బట్టలకి పర్‌మెత్రిన్ ముందు రోజే కొట్టి ఆరబెట్టి, ఇంటికి రాగానే స్నానం చేసి చంకలు, మోకాలి వెనక, చెవుల వెనక చూస్కోండి. ఎరుపు, తెలుపు, నీలం రంగు ఏదీ వేసుకోవద్దు, చేతిరుమాలు కూడా, పుంజు తల రంగులవి. సీజన్ మొదలయ్యాక కూత వినపడిన వైపుకి పొదల్లో పాక్కుంటూ వెళ్ళొద్దు, ఆ కూత ఇంకో మనిషిది కావచ్చు. భుజాల కంటే వెడల్పైన చెట్టుకి వీపు ఆనించి కూర్చోండి, అలాంటి చెట్టు ఎక్కడుందో కూడా మార్చిలోనే చూసి పెట్టుకోండి.

చివరి వారం నేను అడవిలో అడుగు పెట్టను. రోడ్డు మీద నుంచి రెండు ఉదయాలు వింటాను, అంతే. గాలి ఎక్కువున్న రోజుకి, వాన రోజుకి వేరే చోటు పెట్టుకుంటాను, అలాంటి రోజుల్లో అడవిలో వినపడదు కాబట్టి టర్కీలు తెరిపి పొలాల్లోకి వచ్చి నిలబడతాయి. మామూలు రోజుకి రూస్ట్‌కీ ఆ రెక్క గీతల దారికీ మధ్యలో ఒక చెట్టు, అది కుదరకపోతే ఇంకొకటి. ఆ చెట్టు దాకా చీకట్లో లైట్ వెయ్యకుండా ఎలా నడవాలో, ఎక్కడ కంచె దాటాలో, ఎక్కడ ఎండు కొమ్మలు ఎక్కువున్నాయో ఒక మధ్యాహ్నం నడిచి చూసి ఉంటాను ముందే. ఆదివారం రాత్రి అలారం మూడున్నరకి పెట్టి, ఫ్లాస్క్‌లో టీ పోసి, బూట్లు గుమ్మం దగ్గర పెట్టి పడుకుంటాను.